నాలుగున్నరకి ఇల్లు కదపాలా?

తమ్ముడు: రేపు నాలుగున్నరకి లేవాలక్కా. ఈ జూన్ రోజుల్లో బ్రైస్ క్యాన్యన్‌లో ఆరూ పదికి అటూ ఇటూగా పొద్దు పొడుస్తుంది. కనీసం అరగంట ముందు ఆ కొండ అంచున నిలబడకపోతే ఇంత దూరం వచ్చి లాభం లేదు.

అక్క: లేవాలంటే ఎవరు లేవాలి? నువ్వొక్కడివీ లేచి వెళ్తే నాకేం పేచీ లేదు. కానీ మనం ఉన్నది హోటల్ గది కాదురా, 28 అడుగుల ఆర్వీ. నువ్వు సూర్యుణ్ణి చూడ్డానికి బయల్దేరితే ఇల్లంతా నీ వెనకాల బయల్దేరాలి. పొయ్యి, పరుపులు, బాత్రూమ్, అమ్మ ఆవకాయ సీసా, అన్నీ.

తమ్ముడు: అందుకే కదా ఆర్వీ తీసుకుంది! ఇల్లు వెంట ఉంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎక్కడికి కావాలంటే అక్కడికి పోవచ్చని డాలస్‌లో నువ్వే అన్నావు.

అక్క: అన్నాను. అప్పటికి నేను ఆర్వీ నడపలేదు. అసలు ఈ ఇల్లు కదలాలంటే ఏమేం చెయ్యాలో వరసగా చెప్పు చూద్దాం. చెప్పలేవు, ఎందుకంటే రోజూ ఆ పని నేనూ మీ బావా చేస్తున్నాం. కరెంటు వైరు పీకి చుట్టాలి. నీళ్ళ గొట్టం విప్పి, అందులో మిగిలిన నీళ్ళు ఒంపెయ్యాలి. మురుగు గొట్టం సంగతి నీకు తెలియదు. చేతులకి గ్లౌజులు వేసుకుని వాల్వు మూసి, విప్పి, కడిగి, దాని అరలో తోసెయ్యాలి. కింద దింపిన జాకీలు పైకెత్తాలి. బయటికి జరిపిన స్లైడు లోపలికి లాక్కోవాలి. అల్మారాలకీ ఫ్రిజ్‌కీ గొళ్ళాలు పడ్డాయో లేదో చూడాలి. మొన్న ఒక్క గొళ్ళెం మర్చిపోతే మొదటి మలుపులోనే పెరుగు డబ్బా వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. ఇదంతా చీకట్లో, నెత్తికి లైటు కట్టుకుని, పక్కవాళ్ళ కిటికీకి నాలుగడుగుల దూరంలో చెయ్యాలి. క్యాంప్‌గ్రౌండ్లలో సాధారణంగా రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా చప్పుడు చెయ్యకూడదంటారు. ఆ స్లైడు మోటారు చప్పుడు విన్నావుగా. రుబ్బురోలు తిప్పినట్టుంటుంది.

తమ్ముడు: అయితే రాత్రే అన్నీ విప్పేద్దాం. ట్యాంకులో నీళ్ళున్నాయి. లైట్లు బ్యాటరీ మీద వెలుగుతాయి. హీటరు ఎలాగూ గ్యాస్ మీదే నడుస్తుంది.

అక్క: మంట గ్యాస్ మీద. వేడిగాలి తోసే ఫ్యాను బ్యాటరీ మీద. ఇక్కడ ఎత్తు 8,000 అడుగులు. జూన్ అయినా రాత్రి చలి గడ్డకట్టే దరిదాపులకి పోతుంది. ఫ్యాను రాత్రంతా ఆగి ఆగి తిరుగుతూ బ్యాటరీని తాగేస్తుంది. తెల్లవారుజామున ఎక్కువ చలేసే వేళకే అది చేతులెత్తేస్తే? ఆ గాలి వచ్చే జాలీ ఉన్నది నాన్న మంచం పక్కన.

తమ్ముడు: సరే, పని ఉంది. ఒప్పుకున్నాను. చలి ఉంది, అదీ ఒప్పుకున్నాను. కానీ నువ్వు పనిని లెక్కేస్తున్నావు, దాని కోసం వచ్చిన దాన్ని లెక్కెయ్యడం లేదు. అక్కడ ఏం జరుగుతుందో చెప్పనీ. మనం నిలబడే అంచు పడమటి వైపు ఉంటుంది. చూపు తూర్పుకి. మధ్యలో కిందికి దిగిన పెద్ద గిన్నెలాంటి పల్లం, అందులో వేలకొద్దీ రాతి స్తంభాలు. వాటినే హూడూలు అంటారు. సూర్యుడు వాటి వెనక నుంచి లేస్తాడు. అందుకని వెలుగు మనకి కనిపించే ముఖం మీద నేరుగా పడదు. మన వైపున్న ఇంకో గోడకి తగులుతుంది, దాని ఎరుపు పూసుకుంటుంది, అక్కణ్ణించి ఎదుటి స్తంభం నీడలోకి దూకుతుంది. నీడ అంటే నల్లగా ఉండాలి కదా? అక్కడ నీడ కూడా నారింజ రంగులో ఉంటుంది. రాయి లోపల ఎవరో దీపం పెట్టినట్టుంటుంది. అదే చోటికి పదింటికి వెళ్ళావనుకో. ఎండ నెత్తి మీద నుంచి పడుతుంది. అవే రాళ్ళు పదిసార్లు ఉతికి ఆరేసిన చీరలా వెలిసిపోయి కనబడతాయి.

అక్క: పోనీ సాయంత్రం వెళ్దాం. ఎండ వాలాక మళ్ళీ ఆ రంగే వస్తుందిగా.

తమ్ముడు: రాదు. చెప్పానుగా, అంచు పడమట ఉంది. సాయంత్రం సూర్యుడు మన వీపు వెనకాల, పైనుంచే దిగిపోతాడు. పల్లం ముందే నీడలో మునిగిపోతుంది.

అక్క: మరి అక్కడ సన్‌సెట్ పాయింట్ అని ఒకటుంది కదరా?

తమ్ముడు: పేరు పెట్టినవాళ్ళని అడగాలి.

అక్క: నేనొకటి అడుగుతాను. ఎనిమిదింటికి ఏం తక్కువ? షటిల్ బస్సు ఎనిమిదింటికి మొదలవుతుంది. పార్కు టికెట్టులోనే దాని ఖర్చూ కలిసి ఉంది. బండి కదపక్కర్లేదు. నాన్న సీట్లో కూర్చుంటారు, అమ్మ ఇడ్లీ తిని మాత్ర వేసుకుని వస్తుంది. ఎనిమిదింటికి కూడా ఎండ ఏటవాలుగానే ఉంటుంది. నీ నారింజ నీడలు పూర్తిగా ఉండకపోవచ్చు, సగమైనా ఉంటాయి. ఆ సగం కోసం ఏడుగురి నిద్ర మిగుల్తుంది. నాకు బేరం బాగానే ఉంది.

తమ్ముడు: ఎనిమిదింటికి బస్సులో నలభై మంది దిగుతారు. వెనకే ఇంకో బస్సు. పదింటికల్లా పార్కింగు నిండిపోతుంది. 23 అడుగులు దాటిన బండ్లకి షటిల్ తిరిగే వేళల్లో ఆ వ్యూ పాయింట్ల దగ్గర ఆంక్షలున్నాయి. అంటే మనలాంటి బండికి తెల్లవారుజామునే చోటు. పార్కువాళ్ళే మనకి పరోక్షంగా చెప్తున్నారు, రావాలనుకుంటే ముందే రండి అని.

అక్క: లేదా, రావద్దు, బస్సెక్కండి అని.

తమ్ముడు: నీకు ప్రతిదీ అలాగే వినిపిస్తుంది.

అక్క: నీకు ప్రతిదీ ఇలా వినిపిస్తున్నట్టే. చూడు, సూర్యోదయం అనగానే మీ తరానికి అదేదో కొండెక్కి చూడాల్సిన వస్తువైపోయింది. మన శ్రీకాకుళం ఇంట్లో అమ్మ రోజూ నాలుగింటికి లేచేది. కళ్ళాపి జల్లి ముగ్గేసి, పొయ్యి వెలిగించి, పాలు కాచేసరికి తెల్లారేది. ముప్ఫై ఏళ్ళు. ఒక్కరోజు కూడా ‘సూర్యోదయం చూశాను’ అని చెప్పలేదు. దాన్ని చూడ్డానికి ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు, అదే పెరట్లోకి వచ్చింది. రేపు మళ్ళీ నాలుగున్నరకి లేచి ఫ్లాస్కులో టీ పోసేదెవరు? పిల్లలకి స్వెటర్లు తొడిగేదెవరు? నాన్న మంకీ క్యాప్ వెతికేదెవరు? నువ్వు కెమెరా బ్యాటరీ ఛార్జింగు పెట్టుకుంటావు, అంతే.

తమ్ముడు: ఆ మాట నిజమే. టీ నేను పెడతాను.

అక్క: నువ్వు పెట్టిన టీ తాగడం కంటే కళ్ళాపి జల్లడం తేలిక.

తమ్ముడు: నవ్వించి తప్పించుకోకు. అమ్మ సంగతే తీసుకో. ముప్ఫై ఏళ్ళు రోజూ లేచింది, కానీ ఒక్కరోజైనా తల ఎత్తి చూసిందా? వంగి ఊడ్చింది, వంగి ముగ్గేసింది, వంగి పొయ్యి ఊదింది. సూర్యుడు ఆవిడ వీపు మీద లేచాడు. దాన్ని నువ్వు సహజంగా బతకడం అంటున్నావు. నాకైతే అన్యాయంలా అనిపిస్తోంది. ఒక్కరోజు ఆవిడ చేతిలో చీపురు లేకుండా, గ్లాసు టీ పట్టుకుని తూర్పుకి తిరిగి నిలబడాలని అనుకోవడం నా తప్పా?

అక్క: తప్పు కాదు. ఇంత బాగా మాట్లాడతావని తెలిస్తే లా చదివించేవాళ్ళం. కానీ అడుగు, ఆవిడకి ఏది ఇష్టమో. నిన్న ఆ రాళ్ళ బొమ్మలున్న బోర్డు దగ్గర నించుని ఏమందో విన్నావా? ఇక్కడి పైయూట్ తెగవాళ్ళ కథ నేను చదివి చెప్పాను. ఒకప్పుడు ఈ చోట ఉన్న జనం దుడుకుగా ఉంటే కొయొటీ అనే మాయావి నక్క వాళ్ళని రాళ్ళుగా మార్చేసిందట. నించున్నవాళ్ళు నించున్నట్టే, కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే. అమ్మ కాసేపు చూసి, ‘అయ్యో, ఇంతమంది అహల్యలా’ అంది. అప్పుడు టైము మధ్యాహ్నం రెండు. వెలిసిపోయిన చీర వేళ. ఆవిడకి కనపడాల్సింది కనపడింది.

తమ్ముడు: ...

అక్క: ఏం, మాట రావడం లేదా?

తమ్ముడు: రావడం లేదు. అమ్మ మాట బాగుంది. అయినా వెనక్కి తగ్గను. మనిద్దరికీ సూర్యోదయం కోసం బయటికి వెళ్ళడం ఎవరు నేర్పారు? నాన్నే. అరసవల్లి గుర్తుందా? మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్దిరోజులు పొద్దుటి కిరణాలు గోపురం దాటి లోపలికొచ్చి స్వామి పాదాల మీద పడతాయి కదా. దానికోసం చీకట్లో స్కూటరు మీద, నువ్వు వెనక, నేను ముందు. రెండేళ్ళు మబ్బు పట్టింది. మూడో ఏడు పడ్డాయి. నాన్న నిన్ను భుజం మీదికెత్తారు, నన్నెత్తలేదు. అది నాకింకా గుర్తుంది.

అక్క: నువ్వు అప్పటికే బరువు. అయినా అరసవల్లికీ దీనికీ పోలిక ఎక్కడరా? అక్కడ సూర్యుడు వచ్చి విగ్రహాన్ని చూస్తాడు. మనం చుట్టూ నించున్న జనం, అంతే. మబ్బు పట్టిన రెండేళ్ళూ మనం ఊరికే తిరిగి రాలేదు. దర్శనం అయింది, ప్రసాదం తిన్నాం, నాన్న బజార్లో గాజులు కొన్నారు. ఇక్కడ మబ్బు పడితే నీ మొహం మధ్యాహ్నం దాకా మాడిపోయి ఉంటుంది. నీ సూర్యోదయానికి ప్రసాదం లేదు.

తమ్ముడు: ఉంది. ఎదురుచూడటమే.

అక్క: అది పుస్తకాల్లో మాట. మొన్న పేజ్ ఊళ్ళో ఏం జరిగింది? అరిజోనాలో ఎండాకాలం గడియారం ముందుకి జరపరు, పక్కనున్న యూటాలో జరుపుతారు. సరిహద్దు దగ్గర నీ ఫోను యూటా టవరు పట్టుకుని గంట ముందుకి దూకింది. నాలుగున్నర అని నువ్వు లేపింది మూడున్నరకి. లేక్ పావెల్ ఒడ్డున చీకట్లో గంటన్నర దుప్పట్లు కప్పుకుని ఎదురుచూశాం. చిన్నది నా ఒళ్ళో నిద్రపోయి, తీరా సూర్యుడొచ్చే వేళకి లేవనంది. ఆ పిల్లకి ఏం మిగిలింది?

తమ్ముడు: నక్షత్రాలు మిగిలాయి. ముందు అది ఎంత సేపు పైకి చూసిందో నువ్వు చూడలేదు, నీకు కునుకు పట్టింది. పాలపుంతని ఆ పిల్ల మొట్టమొదటిసారి చూసింది అక్కడే. డాలస్‌లో దానికి ఆకాశం అంటే నారింజ రంగు పొగ. ఇంకోటి చెప్పనా? డాలస్‌లో మనం సూర్యుణ్ణి చూసేది ఎప్పుడు? ఆఫీసుకి వెళ్తుంటే హైవే మీద కళ్ళలో పడతాడు. ఠక్కున వైజరు దించుకుంటాం. ఏడాది పొడుగునా అంతే మన పరిచయం. తొమ్మిది రోజుల సెలవు పెట్టి ఇక్కడిదాకా వచ్చి, ఇక్కడ కూడా కర్టెన్లు దించుకుని పడుకోమంటావా?

అక్క: సెలవంటే నాకు నిద్రేరా. నేనూ ఆ వైజరు దించుకునే మనిషినే కదా. ఏడాదంతా అలారం చెప్పినట్టు లేస్తాను. ఇక్కడ కూడా అలారమేనా? మనం ఈ పార్కులకి వచ్చి చేస్తున్నది చూడు. ఒక జాబితా, దానికో టైము, టైముకో పరుగు. ఆఫీసునే కొండ మీదికి మోసుకొచ్చాం.

తమ్ముడు: అది నా మీద వేసిన మాటైతే, పడాల్సిందే. మీసా ఆర్చ్ సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. క్యాన్యన్‌లాండ్స్‌లో, రెండేళ్ళ కిందట స్నేహితులతో వెళ్ళినప్పుడు. అంచున ఒక రాతి తోరణం. సూర్యుడు లేవగానే కింది లోయ గోడల ఎరుపు ఎగిసి తోరణం అడుగు భాగాన్ని కాల్చినట్టు వెలిగిస్తుంది. నేను వెళ్ళేసరికి ట్రైపాడ్లు కాలికి కాలు తగిలేలా ఒక వరస. వాటి వెనక ఇంకో వరస. నాకు కనపడింది ఒకాయన వీపు, ఆయన కెమెరా తెర. ఆ తెర మీద తోరణం చాలా బాగుంది. నేను సూర్యోదయాన్ని అక్కడ అరచేతి వెడల్పు అద్దంలో చూశాను. సిగ్గేసింది.

అక్క: ఈ మాట ముందే చెప్పి ఉంటే ఈ వాదనే ఉండేది కాదు.

తమ్ముడు: అందుకే చెప్పలేదు.

అక్క: అక్కడికే వస్తున్నాను. హవాయీలో హలేయకలా కొండ మీద సూర్యోదయానికి 2017 నుంచి ముందుగా బండి రిజర్వేషన్ చేసుకోవాలి. మెయిన్ రాష్ట్రంలో అకేడియా పార్కులో క్యాడిలాక్ కొండకి 2021 నుంచి అంతే. టికెట్లు కొన్ని 90 రోజుల ముందు, మిగతావి రెండు రోజుల ముందు పొద్దున్న పదింటికి ఆన్‌లైన్‌లో వదులుతారు. తిరుమల దర్శనం టికెట్ల కోటా లాగా వేళ్ళు సిద్ధంగా పెట్టుకుని కూచోవాలి. రోజూ ఊరికే వచ్చేదానికి టికెట్టు పెట్టాల్సి వచ్చిందంటే, చూడాలన్న మన ఆత్రం ఎంత బరువెక్కిందో ఆలోచించు.

తమ్ముడు: టికెట్టు పెట్టబట్టే ఆ కొండ మీద బండ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఉన్నాయి. తిరుమల కోటా నీకు అన్యాయం అనిపించదే! భక్తులకి వరసుంటే తప్పు లేదు, సూర్యుడికి వరసుంటే తప్పా?

అక్క: టికెట్టు తప్పనలేదు, దాని అవసరం వచ్చిందే అన్నాను. నా మనసులో ఇంకోటుంది. ఆ వేళ మనది కాదురా. తెల్లవారుజామున మేత మేసి పొదల్లోకి తిరిగి వెళ్ళే వేళ అది, జింకలకి. ఇక్కడి మ్యూల్ డీర్ చెవులు గాడిద చెవులంత ఉంటాయి, ఎంత చిన్న చప్పుడైనా వింటాయి. అవి రోడ్డు దాటేది సరిగ్గా ఆ మసక వెలుతుర్లోనే. బ్రేకు వేస్తే ఈ బండి ఎంత దూరం జారి ఆగుతుందో నాకు తెలుసు, నడిపేదాన్ని కనక. నీకు తూర్పు కనిపిస్తుంటుంది. నాకు రోడ్డు పక్కన మెరిసే రెండు కళ్ళు కనిపిస్తుంటాయి.

తమ్ముడు: దీనికి నా దగ్గర జవాబు లేదు. నెమ్మదిగా వెళ్దాం అని మాత్రం అనగలను.

అక్క: నెమ్మదిగా వెళ్ళాలంటే నాలుగింటికే లేవాలి.

తమ్ముడు: చూశావా, నువ్వే లెక్కలేస్తున్నావు.

అక్క: అలవాటు. సరే, నేనూ ఒకటి దాచాను. నిరుడు గ్రాండ్ క్యాన్యన్ దక్షిణపుటంచున ట్రెయిలర్ విలేజ్‌లో బండి పెట్టాం గుర్తుందా? ఆఖరి రోజు నాకు నిద్ర పట్టలేదు. మీ బావ గురక. షాలు కప్పుకుని బయటికొచ్చాను. అలా నడుచుకుంటూ మాథర్ పాయింట్ దాకా వెళ్ళిపోయాను. దార్లో ఒక ఎల్క్ నించుని నన్ను చూసింది, నేనూ నించున్నాను, అది తల తిప్పుకున్నాక కదిలాను. అక్కడికి చేరేసరికి తెల్లబడుతోంది. నేను సూర్యుణ్ణి చూడనేలేదు. ఎదుటి శిఖరాల కొసల మీద ముందు ఒక సన్నటి గీత పడింది. అది కిందికి దిగడం మొదలెట్టింది. ఒక్కో పొర, ఒక్కో పొర. పైన తెల్ల రాయి, తరవాత ఎర్ర రాయి, దాని కింద మళ్ళీ ఇంకో రంగు. ఎవరో మడత చీరని మెల్లగా విప్పుతున్నట్టుంది. అడుగున నది ఉన్నచోట ఇంకా రాత్రే. నేను ఎంత సేపు నించున్నానో తెలియదు. ఫోను బండిలో ఉండిపోయింది.

తమ్ముడు: ఈ సంగతి నాకు చెప్పనేలేదే!

అక్క: చెప్తే ఏం చేసేవాడివి? మర్నాడు నాలుగున్నరకి అందర్నీ లేపేవాడివి.

తమ్ముడు: అంటే నువ్వు చూసేశావు. ఒక్కత్తివీ, కడుపు నిండా. ఇప్పుడు మిగతా ఆరుగురం పడుకోవాలి. అది న్యాయమా అక్కా?

అక్క: న్యాయం కాదు. నువ్వన్నాక అలాగే అనిపిస్తోంది. కానీ నాకు దొరికినది ఏడుగురం వెళ్తే దొరికేది కాదు. ‘అటు చూడు, ఇటు చూడు, నాన్నా చలిగా ఉందా, చిన్నదాని బూటు ఊడింది, ఫోటోకి నించోండి.’ ఇందులో ఆ గీత కిందికి దిగడం ఎవరు చూస్తారు?

తమ్ముడు: నేను చూస్తాను. సూర్యుడొచ్చే ముందు వెనక్కి తిరిగి పడమటి ఆకాశం కూడా చూస్తాను. అంతా తూర్పుకే చూస్తుంటారు గానీ, ఆ వేళ పడమట దిగంతం దగ్గర ఒక నీలిబూడిద పట్టీ ఉంటుంది, దాని పైన గులాబీ రంగు. ఆ నీలం భూమి నీడ, అక్కా. మన భూమి నీడే ఆకాశం మీద పడి, సూర్యుడు పైకొచ్చేకొద్దీ కిందికి దిగిపోతుంది. తెలిసిన రోజు నుంచీ నాకు సూర్యుడి కంటే అదే ఎక్కువ ఇష్టం.

అక్క: పడమటి ఆకాశమేనా? అది మన పిక్నిక్ బల్ల దగ్గర నించున్నా కనిపిస్తుందిగా?

తమ్ముడు: చెట్లు అడ్డం రాకపోతే... కనిపిస్తుంది.

అక్క: నీ వాదన నువ్వే కూలగొట్టుకున్నావు.

తమ్ముడు: కొంచెం. మిగతాది నిలబడే ఉంది. ఆ హూడూల్లాగే. ఏడాదిలో దాదాపు సగం రోజులు ఇక్కడ రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతుంది. పగుళ్ళలోకి దిగిన నీళ్ళు మంచై ఉబ్బి రాయిని చీలుస్తాయి. పొద్దుటి పూట అంచున నించుంటే ఎక్కడో ఒక గులకరాయి రాలిన చప్పుడు వినిపిస్తుందట. అవి అలా రాలిపోతూనే ఉన్నాయి.

అక్క: ఎనిమిదింటి లోపల కూలిపోవులే.

తమ్ముడు: రాళ్ళు కూలవు. నేను రాళ్ళ గురించి చెప్పడం లేదు. నాన్నకి డెబ్బై ఆరు. మోకాళ్ళు ఎలా ఉన్నాయో నువ్వే చూస్తున్నావు. వీసా స్టాంపింగు, పద్దెనిమిది గంటల విమానం, ఈ ఎత్తు... ఇంకోసారి...

అక్క: ఆ మాట పూర్తి చెయ్యకు.

తమ్ముడు: చెయ్యను. కానీ నీకూ తెలుసు.

అక్క: తెలుసు కాబట్టే ఆయన్ని నిద్రపోనిమ్మంటున్నాను. నువ్వు మళ్ళీ రారేమోనని చూపించాలంటున్నావు. నేను వచ్చినన్నాళ్ళూ సుఖంగా ఉంచాలంటున్నాను. అయినా ఆయనకి సూర్యోదయం కొరత ఎక్కడుంది? రోజూ మనకంటే ముందే లేచి, చెంబుతో నీళ్ళు పట్టుకుని, బండి వెనకాల మురుగు గొట్టానికి దూరంగా ఇంత చోటు చూసుకుని, తూర్పుకి తిరిగి అర్ఘ్యం వదులుతున్నారు. నిన్న పక్క సైటాయన, ఆ తెల్ల గడ్డమాయన, కాఫీ కప్పు పట్టుకుని చూస్తూ నించున్నాడు. నాన్న ముగించాక ఇద్దరూ తలలూపుకున్నారు. అంతే. వ్యూ పాయింటు లేదు, పార్కింగు లేదు.

తమ్ముడు: నేనూ చూశాను, కిటికీలోంచి. ఆయన ముందు ఉన్నది ఒక ప్రొపేన్ ట్యాంకు, పక్కవాళ్ళ ట్రక్కు టైరు. రోజూ చెయ్యి ఎత్తి నమస్కారం పెట్టే మనిషికి ఒక్కరోజు అడ్డం ఏమీ లేకుండా చూపిద్దామనుకున్నాను. సన్‌రైజ్ పాయింట్ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా అంచు వెంబడి అరమైలు తారుబాట. ఎగుడుదిగుళ్ళు పెద్దగా లేవు, చక్రాల కుర్చీ కూడా పోతుంది. ఆయన చెంబు ఆయన తెచ్చుకుంటారు.

అక్క: పార్కులో చెంబుడు నీళ్ళు వదిలితే రేంజరు ఏమంటాడో.

తమ్ముడు: చెట్టుకి పోస్తున్నారనుకుంటాడు.

అక్క: ఇంతకీ నువ్వాయన్ని అడిగావా?

తమ్ముడు: అడిగాను. ‘మీ ఇష్టం’ అన్నారు.

అక్క: నాతోనూ అదే అన్నారు. ‘మీ ఇష్టం’ అంటే వద్దనే. ఆ గొంతు నాకు తెలుసు. నా పెళ్ళి చూపులప్పుడూ ఇల్లు అమ్మినప్పుడూ అదే గొంతు.

తమ్ముడు: నాకు తెలిసిన ‘మీ ఇష్టం’ వేరు. అరసవల్లి తీసికెళ్ళమని నేను మారాం చేసినప్పుడు ‘మీ ఇష్టం’ అని, తెల్లవారుజామున నాకంటే ముందు చెప్పులేసుకుని గుమ్మంలో నించునేవారు. వెళ్ళాలని ఉండి, మన మీద భారం వెయ్యకూడదనుకున్నప్పుడు అనే మాట అది.

అక్క: ఒక్క మాటకి ఇద్దరం రెండర్థాలు చెప్పుకుంటున్నాం. ఇంకోసారి అడిగినా మూడోసారి అదే అంటారు.

తమ్ముడు: పోనీ నేనొక్కణ్ణీ సైకిలు మీద వెళ్ళొస్తాను. క్యాంప్‌గ్రౌండ్ల వైపు నుంచి లోపలి దాకా సైకిలు బాట ఉంది. నీ ఇల్లు కదలదు, ఎవరి నిద్రా పోదు, జింకల గొడవ లేదు.

అక్క: వెళ్ళు. నిజంగానే అంటున్నాను. తలుపు వేసేటప్పుడు జాలీ తలుపు చేత్తో పట్టుకో, స్ప్రింగు ఠప్పున కొడుతుంది.

తమ్ముడు: అదీ సమస్య. వెళ్ళాలని లేదు ఒక్కణ్ణీ.

అక్క: నాకు అలా దొరికింది మరి.

తమ్ముడు: నువ్వు అన్నీ ఒక్కత్తివే చూసి, ఏడాది తరవాత చెప్పగలవు. నాకు పక్కన ఎవరో ఒకరు ‘అబ్బా’ అనకపోతే చూసినట్టుండదు. చిన్నప్పుడు నన్ను భుజం మీదికెత్తకపోవడం వల్లనేమో.

అక్క: మళ్ళీ అదే. గొంతు తగ్గించు. ఇంతసేపూ ఈ 28 అడుగుల డబ్బాలో గుసగుసలాడుకుంటున్నాం అనుకుంటున్నావు గానీ, నాన్న నిద్రపోయారనుకుంటున్నావా?

తమ్ముడు: ఉండు... ఏదో అంటున్నారు అమ్మతో.

అక్క: నాకూ వినపడింది. మంకీ క్యాప్ ఎక్కడ పెట్టావని అడుగుతున్నారు.

తమ్ముడు: చూశావా!

అక్క: ఏం చూడటం? రోజూ ఈ వేళకి అడిగేదే. చలికి.